నాలుగో పేజీ

జనవరి 21, మంగళవారం

ఆర్గానిక్ కెమిస్ట్రీ, రెండోసారి. హాల్లో మూడు వందల ఎనభై మందిమి. ప్రొఫెసర్ హాల్వర్సన్ మాకు పాఠం చెప్పరు, బోర్డుకు చెబుతారు. మేము వెనక కూర్చుని వింటాం. పోయిన సెమిస్టరంతా చూశాను కనుక ఆయన బట్టతల మీద మచ్చ ఎక్కడుందో గీసి చూపించగలను, కళ్ల రంగు మాత్రం చెప్పలేను. నేను పశువుల డాక్టరునవుతానో కానో ఈయన చేతిలో ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలియదు, పశువులకూ తెలియదు.

పోయినసారి డి వచ్చింది. పశువైద్య కాలేజీ వాళ్లు బి కంటే తక్కువైతే దరఖాస్తు విప్పి కూడా చూడరట. ఈసారి రోజూ రెండు గంటలు చదువుతాను. ఎంత చదివానో రాసుకోవడానికే ఈ నోటుబుక్కు.

జనవరి 22

చదవలేదు. చలి.

జనవరి 23

చదవలేదు. నిన్నటికంటే చలి.

జనవరి 26, ఆదివారం

అమ్మ ఫోను. చర్చి వాళ్ల పత్రికలో నా గురించి వేశారట. "మన డార్సీ, కాబోయే పశువైద్యురాలు" అని. పక్కనే నాలుగేళ్లప్పుడు పందిపిల్లను ఎత్తుకున్న ఫొటో. ఆ ఫొటోలో పంది ముఖంలోనే తెలివి ఎక్కువ కనిపిస్తుంది.

"క్లాసులు ఎలా ఉన్నాయే?" అంది అమ్మ.

"బాగున్నాయి."

"కెమిస్ట్రీ?"

"చలిగా ఉందమ్మా ఇక్కడ."

"ఇక్కడ వెచ్చగా ఉందనుకున్నావా?" అంది. మా ఊరు ఇక్కడికి ఉత్తరాన రెండు గంటల దూరం.

పోయినసారి వచ్చిన డి సంగతి అమ్మకు చెప్పలేదు. అడగలేదు కూడా. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

హాస్టలు వంటశాలలో గిన్నెలు కడిగే పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత మూడు గంటలు. బెల్టు మీద పళ్లేలు వస్తుంటాయి, ఎంగిలి గీకి యంత్రంలోకి తోయాలి. పన్నెండు వందల మంది పిల్లలు ఏం తినరో నాకిప్పుడు పూర్తిగా తెలుసు. మాంసం ముద్ద తినరు. వంటవాళ్లు అది వారానికి రెండుసార్లు చేస్తారు. ఎవరికి ఎవరి మీద పగో అర్థం కాదు.

బెల్టు దగ్గర మా మీద పెద్ద వెసెలా. బల్గేరియా మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. వాళ్ల దేశంలో బళ్లో సంగీతం టీచరట. ఇక్కడ జుట్టుకు వల కట్టుకుని మాకు పళ్లేలు గీకడం నేర్పుతుంది. పెరుగు కప్పు ఒకటి వస్తే చాలు, మూత వాసన చూసి నా ముఖం దగ్గర పెడుతుంది.

"చూడమ్మాయ్. పెరుగులో చక్కెర. స్ట్రాబెర్రీ. ఏం పాపం చేసిందని దీనికీ గతి?"

"మాకు అలవాటండీ."

"అలవాటైతే మాత్రం పైకి చెప్పుకోకు."

ఫిబ్రవరి 13, గురువారం

మొదటి పరీక్ష పేపర్లు ఇచ్చారు. వందకు ముప్పై ఎనిమిది.

పని చేస్తూ ఏడ్చాను. యంత్రం ఆవిరి వల్ల ఎవరికీ కనిపించదనుకున్నాను. వెసెలాకు కనిపించింది. "ఏ సబ్జెక్టు?" అంది. చెప్పాను. పెద్దగా నవ్వింది. వాళ్లాయన రూమెన్ ఆ క్లాసులోనే పేపర్లు దిద్దే అసిస్టెంటట, పీహెచ్‌డీ చేస్తున్నాడట.

"మంగళవారం వెళ్లు. నేను పంపానని చెప్పు. ఆయనకు ఓపిక ఎక్కువ. నాతో పదకొండేళ్లు కాపురం చేశాడు."

ఫిబ్రవరి 18

వెళ్లాను. నేలమాళిగలో కిటికీ లేని గది, ముగ్గురు అసిస్టెంట్లు ఒకే బల్ల పంచుకుంటారు. రూమెన్ పొడుగ్గా, వంగి, గొడుగు మూసినట్టుంటాడు. నాకు రానిదేమిటో చెప్పమన్నాడు. అన్నీ అన్నాను. "మంచిది, వరస వెతుక్కోవక్కర్లేదు," అని ఒకటో అధ్యాయం తీశాడు.

రెండు గంటలు చదివాను. ఈ నోటుబుక్కులో రాయదగ్గ మొదటి రోజు.

ఫిబ్రవరి 25

రెండు గంటలు.

మార్చి 4

రెండున్నర. రూమెన్ నా వైపు పరమాణువుల బొమ్మ తోసి, "ఇందులో ఎలక్ట్రాన్లు ఎటు పోతాయి?" అన్నాడు. చెప్పాను. నిజంగానే అటే పోయాయి. నా రూమ్మేట్ రోషెల్‌కు చెబితే, "ఇంతకాలం ఎటు పోయేవే?" అంది. రోషెల్ మిల్వాకీ పిల్ల, జర్నలిజం చదువుతుంది. ఎవర్నయినా ప్రశ్నలడగడం తన హక్కనుకుంటుంది.

మార్చి 6, గురువారం

రెండో పరీక్ష. బాగా రాశాను. నాలుగో పేజీ తప్ప. అది పధ్నాలుగు మార్కుల ప్రశ్న. చూడగానే బుర్ర మూతపడింది. పేజీ తిప్పి అయిదోదానికి వెళ్లాను, మళ్లీ వెనక్కి రాలేదు.

మార్చి 11, మంగళవారం

పేపరు వచ్చింది. యాభై ఏడు. రూమెనే దిద్దాడు. నాలుగో పేజీలో ఏమీ లేదు. నా రాతా లేదు, ఆయన రాతా లేదు. మొదటి పేజీ మీద మాత్రం "చాలా నయం" అని రాశాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. గదికి వచ్చి కూర్చుంటే అయిదు నిమిషాల్లో వచ్చింది. పరీక్ష రోజున చేతికి అందలేదంతే. జవాబు నాదే. పెన్సిలూ నాదే. ఇప్పుడు నాలుగో పేజీ ఖాళీగా లేదు. తేడా అయిదు రోజులు.

మార్కులు తప్పు పడ్డాయనుకుంటే వారంలోగా పేపరు ప్రొఫెసర్ ఉత్తరాల డబ్బాలో వేయమన్నారు. వేశాను. "నాలుగో పేజీ దిద్దడం మరిచిపోయినట్టున్నారు" అని మర్యాదగా చీటీ పెట్టాను.

మార్చి 12

చలి తగ్గింది.

మార్చి 18

డెబ్భై ఒకటి. హాల్వర్సన్ స్వయంగా ఎర్ర సిరాతో పధ్నాలుగుకు పధ్నాలుగు వేశారు.

ఇవాళ రూమెన్ దగ్గరికి వెళ్లలేదు. జలుబు.

మార్చి 25

సెలవులు, ఇంట్లో ఉన్నాను. డెబ్భై ఒకటని చెబితే అమ్మ ఆ కాగితం ఫ్రిజ్జు మీద అంటించాలంది. అక్కడే మరిచిపోయి వచ్చానన్నాను. ఈ నోటుబుక్కులోనే ఉంది.

ఏప్రిల్ 1, మంగళవారం

రూమెన్ మెట్ల దగ్గర కనిపించాడు. తప్పించుకోవడానికి దారి లేని మెట్లు.

"డార్సీ, ఒక్క మాట. నాలుగో పేజీలో నువ్వు పరీక్ష రోజునే రాశావు కదా?"

"రాశాను."

"నాకు తెల్ల కాగితం గుర్తుంది. ఒక్క గీత కూడా లేదు."

ఆయన నా ముఖంలోకి చూడలేదు, తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నిజానికి దిద్దినవాటికి జిరాక్సు తీసి పెట్టుకోవాలి. ఆ రోజు మిషను పాడైంది, సగమే తీశాను. నీది అందులో లేదు. నువ్వు రాశానంటున్నావు కాబట్టి రాశావు. నా కళ్లే సరిగ్గా లేవేమో."

నేను క్లాసుకు టైమైందని చెప్పాను. ఆ టైములో నాకు క్లాసు లేదు.

ఏప్రిల్ 3

ఏ ఆఫీసులోనైనా చిన్న పొరపాట్లు జరుగుతాయి. ఒక అసిస్టెంటు ఒక పేజీ చూడలేదంటే లోకం మునిగిపోదు. ఎవరికీ నష్టం లేదు.

ఏప్రిల్ 4

ఎవరికీ నష్టం లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

వెసెలా చెప్పింది. రూమెన్ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడట.

"డాక్టరేమో కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. ఈయన వింటేనా? ఉన్నది చూడలేకపోయాను, ఏదో జబ్బుందంటాడు. మళ్లీ మళ్లీ అడిగి అద్దాలు రాయించుకున్నాడు. గుడ్లగూబకు కోటు తొడిగినట్టున్నాడు."

బెల్టు మీద పళ్లేలు వస్తున్నాయి. ఒక్కదాని మీద మాంసం ముద్ద కదలకుండా ఉంది. గీకాను.

ఏప్రిల్ 10

రోషెల్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏం చేశావే?"

"ఏం చేయలేదు."

"బట్టలు మడతపెడుతున్నావు."

"అయితే?"

"ఎనిమిది నెలల నుంచి చూస్తున్నా. నీ బట్టలు మడత ఎరగవు. ఎవర్ని చంపావో చెప్పు, శవాన్ని ఎక్కడ పెట్టాలో ఇద్దరం ఆలోచిద్దాం."

చెప్పాను. మొత్తం. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మంచం చివర కూర్చుని, "ఆయనకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "మరి తన కళ్లు పోయాయనుకుంటున్నాడా?" అంది.

"కొంచెం," అన్నాను.

"కొంచెం ఏంటే? కళ్లు కొంచెం పోవడమేంటి?"

ఏప్రిల్ 15, మంగళవారం

వెసెలా ఇవాళ పెరుగు కప్పుల వాసన చూడలేదు. మూడోసారి అడిగితే చెప్పింది. హాల్వర్సన్ రూమెన్‌ను పిలిచారట. ఇది మూడో ఫిర్యాదట. మొదటిది మార్కుల కూడికలో తప్పు, రెండోది ఆయన ఇంగ్లిషు అర్థం కాలేదని ఎవడో రాశాడు. మూడోది ఒక పేజీ మొత్తం చూడకుండా వదిలేయడం. వచ్చే ఏడాది ఆయనకు అసిస్టెంటు పని ఉండదన్నారట. అది లేకపోతే వీసా లేదు. వీసా లేకపోతే పీహెచ్‌డీ లేదు. నాలుగేళ్ల పని.

"ఎవరి పేపరో చెప్పాడా?" అన్నాను.

"చెప్పడు. నా విద్యార్థి సంగతి నీకెందుకంటాడు. ఎవరో పాపం కష్టపడి రాసిన పిల్ల, తనవల్ల మార్కులు పోగొట్టుకునేదని ఒకటే బాధ."

ఏప్రిల్ 17, గురువారం

హాల్వర్సన్ గదికి వెళ్లాను.

"ఫిర్యాదా?" అన్నారు, తల ఎత్తకుండా.

"అవును సార్."

"ఎవరి మీద?"

"నా మీద."

అప్పుడు తల ఎత్తారు. ఆయన కళ్లు బూడిద రంగు. చెప్పాను. ఒక్క గుక్కలో, చీటీ సంగతి కూడా. విని, పెన్ను మూత పెట్టి, నిట్టూర్చారు. కోపం కాదది. పనిభారం.

"చూడమ్మా. సెమిస్టరు అయిపోవడానికి మూడు వారాలుంది. ఆ పధ్నాలుగు మార్కులు తీసేస్తాను. నువ్వు మళ్లీ ఇలాంటిది చేయవు. అందరికీ హాయి."

"రూమెన్ గారి ఉద్యోగమో సార్?"

"అది డిపార్టుమెంటు నిర్ణయం. దాన్ని మార్చాలంటే నాకు నీ రాతపూర్వకమైన కాగితం కావాలి. కాగితమొస్తే నేను క్రమశిక్షణ ఆఫీసుకు పంపాలి. పంపాక నా చేతుల్లో ఏమీ ఉండదు. ఎఫ్ ఇస్తారు, రికార్డులో రాస్తారు. పశువైద్యం అంటున్నావు కదా? బాగా ఆలోచించుకో."

ఆలోచించుకుంటానన్నాను. మొత్తానికి చెప్పేశాను. చెప్పడమే ముఖ్యం.

ఏప్రిల్ 18

చెప్పడమే ముఖ్యం. ఆయనే వద్దన్నారు.

ఏప్రిల్ 19, శనివారం

ఊరంతా బీరు తాగుతోంది. ఎండ వచ్చిందని. మంచు కరిగిన బురదలో కుర్రాళ్లు చొక్కాల్లేకుండా బంతి ఆడుతున్నారు. మా యూనివర్సిటీ గుర్తు తాబేలు. ఆ తాబేలు వేషం వేసుకున్నవాడు కూడా బురదలో దొర్లుతున్నాడు. వాడికి ఏ బాధా లేదు.

రోషెల్ రోజంతా నన్నేమీ అడగలేదు. అడగడం మానేసిన రోషెల్‌తో ఒకే గదిలో ఉండటం ఎంత కష్టమో ఇంతవరకు తెలియదు.

ఏప్రిల్ 21, సోమవారం

కాగితం రాశాను. అయిదు చిత్తు ప్రతులు. మొదటి నాలుగూ నా కష్టాల గురించి. అయిదోది నాలుగు వాక్యాలు.

హాల్వర్సన్ ఊళ్లో లేరు. తిన్నగా క్రమశిక్షణ ఆఫీసుకే తీసుకెళ్లాను. అక్కడ మిసెస్ ఓస్‌గుడ్ అనే ఆవిడ ఫారం నింపమంది. నింపి ఇచ్చాను. చూసి వెనక్కి ఇచ్చేసింది.

"ఫిర్యాదు చేసేవాళ్ల పేరు దగ్గర నీ పేరు రాశావమ్మా."

"నాదేనండి."

"తప్పు చేసినవాళ్ల దగ్గరా నీ పేరే ఉంది."

"అదీ నాదేనండి."

"కంప్యూటరు ఒప్పుకోదు. రెండు పేర్లుండాలి."

ముప్పై ఏళ్లుగా అక్కడ పనిచేస్తోందట, తన మీద తనే ఫిర్యాదు చేసినవాళ్లు ఇంతవరకు రాలేదట. లోపలికి వెళ్లి ఎవరినో అడిగింది. వాళ్లు ఇంకెవరినో అడిగారు. నలభై నిమిషాలయ్యాక ఫిర్యాదు చేసినవారి దగ్గర ప్రొఫెసర్ పేరు రాయించి ముద్ర వేసింది. దోషిగా చేరడానికి కూడా ఇక్కడ వరసలో నిలబడాలి.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

ఆఫీసు ఉత్తరం అందేలోగా నేనే చెప్పాలనుకున్నాను. రూమెన్ గదికి వెళితే ఆయన లేడు. వంటశాలలో వెసెలాకు చెప్పాను. యంత్రం హోరులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే ఘోరం.

ఆవిడ చేయి చాచి బెల్టు ఆపేసింది. ఆ శబ్దం ఆగడం నేనెప్పుడూ వినలేదు. అవతలి గదిలో పళ్లేలు ఒకదాని మీద ఒకటి పడి, ఎవరో తిట్టారు.

"ఆయన పొద్దున్నే లేచి ఒక కన్ను మూసి గోడ మీద క్యాలెండరు చదువుకుంటాడు," అంది. "తర్వాత రెండో కన్ను మూసి. రోజూ. నేను కాఫీ పెడుతూ చూస్తుంటాను."

"నన్ను క్షమించండి."

"నా దగ్గర అడక్కు. ఆయన దగ్గర కూడా అడక్కు. అడిగితే ఆయన సరేనంటాడు. ఆయన సరేనడం నేను చూడలేను."

బెల్టు మళ్లీ వేసింది. "ఇవాళ్టి నుంచి నువ్వు గుండిగల దగ్గర," అంది.

గుండిగల దగ్గర యంత్రం ఉండదు. ఇనుప పీచు, వేడినీళ్లు, నేను.

ఏప్రిల్ 24

రూమెన్‌ను కలిశాను. ముగ్గురి బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. చెప్పాను, విన్నాడు. తర్వాత, "అయితే నాలుగో పేజీ తెల్లగానే ఉంది," అన్నాడు.

"తెల్లగానే ఉంది."

"ఒక్క గీత కూడా లేదు."

"లేదు."

తల ఊపాడు. "ఇంక వెళ్లు," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

మే 6, మంగళవారం

విచారణ. ఇద్దరు ప్రొఫెసర్లు, విద్యార్థుల తరఫున టై కట్టుకున్న ఒక కుర్రాడు. వాడు మా ముగ్గురికంటే గంభీరంగా ఉన్నాడు. ఎవరూ పట్టుకోకుండానే ఎందుకు ఒప్పుకున్నావని అడిగాడు. నిజాయితీ, విలువలు అంటూ రోషెల్ నాకు మంచి జవాబు రాసిచ్చింది. బట్టీ పట్టాను కూడా.

"ఆయన అక్కర్లేని కళ్లజోడు చేయించుకున్నారు," అన్నాను.

మిగతాది నోటికి రాలేదు. టై కుర్రాడు అదే రాసుకున్నాడు.

కెమిస్ట్రీలో ఎఫ్. ఏడాది పాటు నిఘా. రికార్డులో ఒక వాక్యం. రూమెన్ మీద మూడో ఫిర్యాదు కొట్టేసి డిపార్టుమెంటుకు ఉత్తరం పంపుతారట.

మే 11, ఆదివారం

ఇవాళ మదర్స్ డే. కార్డు పంపడం మరిచిపోయి, ఫోను చేసి ఇది చెప్పాను. ఇంతకంటే మంచి కూతురు మా జిల్లాలో లేదు.

"పత్రికలో వేశారు కదే," అంది అమ్మ, చిన్న గొంతుతో. పోయినసారి డి సంగతి కూడా చెప్పాను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. "మీ నాన్నకి నువ్వే చెప్పుకో," అని ఫోను ఇచ్చేసింది.

నాన్న అంతా విన్నాడు. వెనక పందుల అరుపులు. మా ఇంట్లో ఫోను కొట్టం దాకా వస్తుంది.

"ఆ మాస్టారి ఉద్యోగం ఉందా?"

"ఉంది నాన్నా. నిన్ననే తెలిసింది."

"వేసవికి ఎప్పుడొస్తావు?"

"రాను. మళ్లీ ఆ క్లాసే చదవాలి."

"మూడోసారా?"

"మూడోసారి."

"దానికి నువ్వంటే బాగా ఇష్టమున్నట్టుంది," అన్నాడు. మళ్లీ తనే, "పశువైద్యం కాకపోతే పోనీ. పందులేం అడగవు," అన్నాడు. ఫోను పెట్టేశాక ఏడ్చాను. రోషెల్ రేడియో శబ్దం పెంచి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

జూన్ 10, మంగళవారం

వేసవి క్లాసు. ఇరవై ఎనిమిది మందిమే. తలుపు తెరిచి లోపలికి వచ్చింది రూమెన్. వేసవికి ఆయనే మాస్టారట. కళ్లజోడు లేదు. హాజరు పిలిచాడు. నా పేరు దగ్గర ఆగలేదు, తొందరపడనూ లేదు.

క్లాసు మార్చుకోవడానికి ఈ శుక్రవారం దాకా గడువుంది. వేరే క్లాసు లేదని తర్వాత గుర్తొచ్చింది.

జూన్ 13

రెండు గంటలు.

జూన్ 17

రెండు గంటలు. వెసెలా గుండిగల దగ్గరికి వచ్చి, ఒకటి ఎత్తి అడుగు చూసి, మళ్లీ తోమమంది. రెండు నెలల్లో నాతో అన్న మొదటి మాట.

జూన్ 24, మంగళవారం

పరీక్ష పేపర్లు ఇచ్చాడు. నాకు నలభై ఆరు. అందరి పేపర్లలోనూ ఖాళీగా వదిలిన చోటల్లా పైనుంచి కింది దాకా ఎర్ర గీత ఒకటి కొట్టి ఉంది. ముందు వరసలో ఒకడు, "ఇదేంటి, తప్పు రాయలేదు కదా, ఎందుకు కొట్టాడు?" అని గొణిగాడు. పక్కవాడు భుజాలెగరేశాడు. నా పేపర్లో అలాంటి గీతలు మూడున్నాయి. తల వంచుకుని లెక్కపెట్టాను.

మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లాను. వెళ్లకుండా ఉండటానికి నాలుగు కారణాలు దొరికాయి, నాలుగూ బాగానే ఉన్నాయి. తలుపు తీసే ఉంది.

"లోపలికి రావచ్చా?"

చూశాడు. ఎదుటి కుర్చీ మీద ఉన్న పుస్తకాలు తీసి కింద పెట్టాడు.

"ఏ ప్రశ్న?"

"మూడు. ఆరు. ఏడు."

"మూడోది పూర్తిగా వదిలేశావు. ఎందుకు?"

"రాలేదు."

"కొంచెం కూడానా?"

"కొంచెం వచ్చింది. తప్పేమోనని రాయలేదు."

ఆయన కళ్లు నులుముకున్నాడు. కోపమొచ్చిందనుకున్నాను. అలసట అనుకుంటాను.

"డార్సీ, తప్పు రాస్తే నేను చదువుతాను. ఎక్కడి దాకా సరిగ్గా వచ్చావో చూస్తాను. అక్కడి దాకా మార్కులు వేస్తాను. ఏమీ రాయకపోతే నేనేం చదవను?"

తెల్ల కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు, పైన మూడో ప్రశ్న తన చేత్తో రాసి. తర్వాత తన పని తను చూసుకున్నాడు. నాకు వచ్చిందంతా రాశాను. మధ్యలో ఎలక్ట్రాన్లు ఎటు పోవాలో తెలియక నాకు తోచిన వైపు తోలాను. కాగితం ఆయన ముందుకు జరిపాను.

చివరి దాకా చదివాడు.

"తప్పు," అన్నాడు. "ఇరవైకి ఏడు."